తోట లెక్క అడిగితే పుట్టిల్లు దూరమవుతుందా?

నల్లగొండ జిల్లాలో, హాలియా వైపు ఒక ఊరి ఆడబిడ్డ రాసిన ఉత్తరం ఇది. చాలా పొడుగ్గా రాశారు. పేరు, ఊరు తీసేసి ముఖ్యమైన సంగతులు ఇక్కడ ఇస్తున్నాను.

ఆమె వయసు నలభై ఆరు. పెళ్లయ్యాక నల్లగొండ టౌనులో ఉంటున్నారు, ప్రైవేటు స్కూల్లో టీచర్. ఒక అన్న, ఒక తమ్ముడు. అన్న ఊళ్లోనే వ్యవసాయం, తమ్ముడు హైదరాబాద్‌లో ఉద్యోగం. నాయిన పోయి ఏడాది దాటింది. ఆయన 2019లో రిజిస్టర్ వీలునామా రాసి పెట్టారు. కాల్వ కింద ఐదెకరాల వరి పొలం అన్నకు. ఊళ్లో ఇల్లు, ఇంటి పక్క జాగ తమ్ముడికి, అమ్మ ఉన్నంత కాలం ఆ ఇంట్లో ఆమెకు ఉండే హక్కుతో. పైన చెల్కలో ఉన్న ఆరెకరాల బత్తాయి తోట మాత్రం అమ్మ ఉన్నంత వరకు పంచకూడదు, అమ్మకూడదు. తోట మీద వచ్చే డబ్బులో అప్పులు, అమ్మ ఖర్చు పోగా మిగిలింది ముగ్గురికీ సమానం. అమ్మ తర్వాత తలా రెండెకరాలు. ఇదంతా అమలు చేయడానికి ఎగ్జిక్యూటర్లుగా అన్ననూ, ఈమెనూ పెట్టారు.

నాయిన పోయాక మొదటి కాపు అమ్మినప్పుడు అన్న లెక్క చెప్పలేదు, అమ్మ చేతిలో కొంత పెట్టి "ఖర్చులకే సరిపోయింది" అన్నాడు. రెండో కాపు చెట్ల మీదనే వ్యాపారికి గుత్తకిచ్చేశాడు. నాలుగు లక్షల ఇరవై వేలకు ఇచ్చాడని ఈమెకు బయటివాళ్ల ద్వారా తెలిసింది. ఫోన్ చేసి అడిగితే వదిన అందుకుని, "నీకు పెండ్లినాడు పసుపుకుంకుమల కింద ఇచ్చింది మర్చిపోయినవా, ఇప్పుడు లెక్కలు అడుగుతున్నవ్" అంది. అప్పటి నుంచి అన్న మాట్లాడటం లేదు. పోయిన నెల మాత్రం ఒక కాగితం పట్టుకుని ఇంటికొచ్చాడు. పదకొండెకరాలూ తన పేరు మీద పట్టా చేయడానికి అభ్యంతరం లేదని సంతకం పెట్టాలట. "రైతు భరోసా ఆగిపోతుంది, ముందు నా పేరు మీద కానీ, తర్వాత మీ పాలు మీకు చేస్త" అన్నాడు.

తమ్ముడేమో సంతకం పెట్టొద్దంటున్నాడు. తోట రోడ్డు పక్కన ఉంది, మంచి రేటు వస్తోంది, అమ్మేద్దాం, నువ్వు ఎగ్జిక్యూటర్‌వి కాబట్టి అన్నకు లాయర్ నోటీసు పంపు అని రోజూ ఫోన్. బోర్లు వేయడానికి నాయిన తెచ్చిన మూడు లక్షల అప్పు, నూటికి రెండు రూపాయల మిత్తి, ఇంకా అట్లనే ఉంది. అమ్మ అన్న దగ్గరే ఉంటుంది, ఫోన్ చేస్తే ఏడుస్తుంది. భర్త "నీకెందుకు ఈ టెన్షన్, తప్పుకో" అంటున్నారు. ఉత్తరం చివర ఆమె అడిగినవి మూడు. సంతకం పెట్టాలా? ఎగ్జిక్యూటర్‌గా తప్పుకోవచ్చా? "లెక్క అడిగితే నాకు పుట్టిల్లు ఉంటదా?"

అక్కా, మొదటి ప్రశ్నకు ముందే సూటిగా చెప్తాను. ఆ కాగితం మీద, ఇప్పుడున్న రూపంలో, సంతకం పెట్టకండి. మీ అన్న మోసం చేస్తాడని నేను అనడం లేదు. రేపు మీ పాలు మీకు చేయాలనే ఆయన నిజంగా అనుకుంటూ ఉండొచ్చు. కానీ ఒకసారి పదకొండెకరాలు ఒక్కరి పాసుపుస్తకంలోకి ఎక్కాక వెనక్కి రావడం మాటతో అయ్యే పని కాదు. మళ్లీ రిజిస్ట్రేషన్ కావాలి, దానికి ఖర్చు, దానికి ఆయన మనసు, ఆ రోజుకు ఆయన పిల్లల మనసు కూడా కావాలి. ఈ మధ్యలో ఆయనకేమన్నా అయితే ఆ భూమికి వారసులుగా లెక్కలోకి వచ్చేది వదిన, పిల్లలు. మీ నాయిన వీలునామా అప్పుడు మీరు కోర్టులో రుజువు చేసుకోవాల్సిన కాగితం అవుతుంది, అదీ మీరే "అభ్యంతరం లేదు" అని సంతకం పెట్టిన తర్వాత. రెవెన్యూ రికార్డులో పేరు ఎక్కినంత మాత్రాన హక్కు రాదని కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి, నిజమే. కానీ పాసుపుస్తకం ఎవరి పేరు మీదుంటే అప్పు వాళ్లకే పుడుతుంది, అమ్మే దారి కూడా వాళ్లకే ఉంటుంది, తర్వాత కోర్టు చుట్టూ తిరిగేది మిగిలినవాళ్లు. ఇది మన జిల్లాలో ప్రతి ఊళ్లో చూస్తున్నదే.

అయితే సంతకం పెట్టనని చెప్పి ఊరుకుంటే సరిపోదు, ఎందుకంటే అన్న అడిగినదాంట్లో న్యాయమైన ముక్క ఒకటి ఉంది. రైతు భరోసా, అంటే సర్కారు ఇచ్చే పంట పెట్టుబడి సాయం, 2025 జనవరి నుంచి ఎకరాకు ఏడాదికి 12 వేలు, పట్టాదారుకే వస్తుంది. ఐదెకరాలకే 60 వేలు. దానికంటే పెద్దది రైతు బీమా. 18 నుంచి 59 ఏళ్ల లోపు పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 5 లక్షలు వస్తాయి. మీ అన్నకు యాభై రెండు అని రాశారు. నాయిన పేరు మీదనే పాసుపుస్తకం ఉన్నన్నాళ్లు, ఇన్నేళ్లు ఆ మట్టిలోనే బతికిన మనిషికి కాగితం మీద ఒక్క గుంట లేదు, బీమా లేదు, బ్యాంకులో పంట రుణం అడుగుదామన్నా పేరు లేదు. ఆ భయం ఆయనకు ఉంటుంది. దాన్ని చెప్పుకోవడం చేతకాక ఏకంగా పదకొండెకరాల కాగితం తెచ్చి మీ ముందు పెట్టి ఉండొచ్చు.

కాబట్టి మీరు ఆయన ముందు పెట్టాల్సిన మాట ఇది: "అన్నా, వీలునామాలో నీకు రాసిన ఐదెకరాలు నీ పేరు మీదికి చేయించడానికి నేనే తహసీల్దార్ ఆఫీసుకు నీతో వస్తా. తోట మాత్రం నాయిన ఎట్లా రాసిండో అట్లనే, ముగ్గురి పేర్లు జాయింట్‌గా ఎక్కిద్దాం." దీంతో ఆయన అవసరం తీరుతుంది, మీ చేయి కూడా కాలదు. భూమి రికార్డులకు ఉన్న ధరణి పోర్టల్ పోయి 2025 ఏప్రిల్ 14న భూభారతి మొదలైంది. కొత్త చట్టంలో వారసత్వమైనా వీలునామా అయినా తహసీల్దార్ సంబంధం ఉన్న అందరికీ నోటీసులిచ్చి, విచారణ చేసి ఆర్డర్ ఇవ్వాలి. ఆర్డర్ నచ్చకపోతే ఆర్డీఓకు, అక్కడా కాకపోతే కలెక్టర్‌కు అప్పీలు ఉంది. అంటే అన్న మీకు తెలియకుండా దరఖాస్తు పెట్టినా మీకు నోటీసు రావాలి. వస్తే పక్కన పెట్టకండి, గడువులోపల వీలునామా నకలుతో మీ మాట రాతలో ఇచ్చి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకోండి. నోటీసు మీ పుట్టింటి అడ్రసుకు పోయే అవకాశం ఉంది కాబట్టి ఊళ్లో నమ్మకమైన ఒకరికి చెప్పి ఉంచండి.

ఒక చిక్కు ఉంది, ముందే చెప్పాలి. కాల్వ కింది పొలం తాతల నాటిదని, తోట మాత్రం నాయిన కొన్నదని రాశారు. సొంతంగా కొన్నదాన్ని నాయిన ఎవరికైనా రాయొచ్చు. పిత్రార్జితమైతే తన వాటా వరకే రాయగలరు, అందులో కొడుకులతో పాటు కూతురికీ పుట్టుకతో హక్కుంది. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ చెప్పేది అదే, 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు ఖాయం చేసింది కూడా అదే. కానీ తాతల నాటిదంతా చట్టం దృష్టిలో పిత్రార్జితం కాదు. 1956లో ఆ చట్టం వచ్చాక తాత చనిపోయి, వారసత్వంగా నాయిన వాటాకు వచ్చినదైతే మామూలుగా దాన్ని ఆయన సొంత ఆస్తిగానే చూస్తారు. తాత బతికుండగా పంపకంలో వచ్చినదైతే సంగతి వేరు. పాత పహాణీలు, అంటే భూమి ఎవరి పేరు మీద, ఎవరి సాగులో ఉందో చెప్పే రెవెన్యూ కాగితాలు, తీయించి ఒక సివిల్ లాయర్‌కు చూపిస్తే ఈ ముడి విడిపోతుంది. ఇది మీరు అన్నతో గొడవ పెట్టుకోవడానికి చెప్పడం లేదు. తమ్ముడు రేపు ఈ మాట ఎత్తే అవకాశం ఉంది, అప్పుడు మీరు తెల్లమొహం వేయకూడదని చెప్తున్నాను. ఐదెకరాలు అన్న పేరు మీదికి పోయేటప్పుడు తమ్ముడు కూడా ఒప్పుకుని సంతకం పెడితే ఈ ప్రశ్న అక్కడితో చాలావరకు సద్దుమణుగుతుంది.

ఇక తప్పుకోవడం గురించి. అసలు మొదట్లోనే నాకు ఈ బాధ్యత వద్దు అని ఉంటే తేలిగ్గా అయ్యేది. కానీ నాయిన బ్యాంకు ఖాతాలో ఉన్న డబ్బుతో సొసైటీ అప్పు కట్టడానికి అన్నతో పాటు మీరూ ఎగ్జిక్యూటర్‌గా సంతకాలు పెట్టానని రాశారు. అంటే పని మొదలుపెట్టినట్టే. మొదలుపెట్టాక "నాకు సంబంధం లేదు" అంటే బాధ్యత దిగిపోదు. లాంఛనంగా దిగాలంటే భారత వారసత్వ చట్టం ప్రకారం హైకోర్టు దాకా పోవాలి. మీ ఆయన మీ మేలు కోరే అంటున్నారు, కానీ మీరు నోరు మూసుకుని పక్కన కూర్చుంటే జరిగేది ఏమిటంటే, అన్న ఒక్కడే అన్నీ చేస్తాడు, రేపు తమ్ముడు కేసు వేస్తే మాత్రం అందులో మీ పేరు కూడా ఉంటుంది. తోట డబ్బు దారి తప్పుతుంటే చూసి కూడా ఎందుకు అడగలేదు అని జడ్జి అడిగేది ఇద్దరు ఎగ్జిక్యూటర్లనూ.

మీ ఉత్తరంలో నన్ను చాలాసేపు ఆపిన వాక్యం ఒకటి ఉంది. "నాకు ఆ రెండెకరాలు వద్దనిపిస్తది, అన్నకే వదిలేద్దామనిపిస్తది" అన్నారు. మీ పాలు వదులుకోవడం మీ ఇష్టం. మన దగ్గర ఎందరో ఆడబిడ్డలు పుట్టింటి కోసం వదులుకున్నారు, అందులో కొందరు సంతోషంగానే వదులుకున్నారు. కానీ మీరు ఇక్కడ చెల్లె ఒక్కటే కాదు. ఎగ్జిక్యూటర్‌గా మీ చేతిలో ఉన్నది అమ్మ ఖర్చు, తమ్ముడి మూడో వంతు, నాయిన అప్పు కూడా. వాటిని వదులుకునే హక్కు మీకు లేదు. మొహమాటంతో మీరు ఊరుకుంటే మీరు ఇచ్చేస్తున్నది మీది కాదు, వాళ్లది. ఈ ఒక్క సంగతి మీకు గట్టిగా అర్థమైతే, లెక్క అడగడానికి గొంతు దానంతట అదే వస్తుందని నా నమ్మకం. "నా పాలు ఏది" అని అడిగే చెల్లె గొంతు వేరు. "నాయిన మనిద్దరి మీద పెట్టిన పని ఇది, ఇద్దరం కలిసి రాద్దాం, రేపు తమ్ముడికి చూపించాల్సింది ఇద్దరమే" అనే గొంతు వేరు. రెండోదాంట్లో మీరు అన్నకు ఎదురుగా లేరు, పక్కన ఉన్నారు.

ఇప్పుడు ఆ లెక్కలోకి కొంచెం దిగుదాం, ఎందుకంటే మీ ముగ్గురిలో ఒక్కరు కూడా కాగితం మీద వేసి చూసినట్టు లేదు. నాలుగు లక్షల ఇరవై వేలు అని మీరు విన్నది నిజమే అనుకుందాం. తోటకు పెంట, ఎరువులు, మందులు, దున్నకం, పాదులు తీసే కూలీలు, కాలిపోయిన మోటారు రీవైండింగ్, అన్నీ కలిపి ఒక లక్షా అరవై వేలు అనుకోండి. మూడు లక్షల మీద రెండు రూపాయల మిత్తి నెలకు ఆరు వేలు, ఏడాదికి 72 వేలు. అమ్మ బీపీ, షుగర్ గోళీలు, తిండి, ఆసుపత్రి, నెలకు ఐదు వేలు వేసినా 60 వేలు. మిగిలేది లక్షా 28 వేలు. ఇందులో ఇంకా ఒకటి రాయలేదు. ఎండాకాలం రాత్రిపూట కరెంటు చూసుకుని బోరు వేసి, గొర్లు పడకుండా కావలి ఉండి, వ్యాపారితో రేటు కోసం కొట్లాడే అన్న కష్టం, వదిన కష్టం. దానికి ఏడాదికి 60 వేలు వేయండి, అది కూడా తక్కువే. ఇక మిగిలింది 68 వేలు. తలా 23 వేల లోపు.

ఈ అంకెలు నేను ఊహించి వేసినవి, మీ తోట లెక్క తేడా ఉంటుంది. కానీ చూడండి, ఇద్దరు ఎగ్జిక్యూటర్లు మాట్లాడుకోకుండా, తమ్ముడు నోటీసుల దాకా పోయి కొట్లాడుతున్నది ఏడాదికి ఈ మాత్రం డబ్బు గురించి. అది కూడా అప్పు అసలు కట్టకపోతే. అప్పులు తీరాకే పంపకాలు అన్నది చట్టంలోనూ ఉంది, మీ నాయిన రాతలోనూ ఉంది. నిజంగా పాటిస్తే ఆ మూడు లక్షలు తీరేదాకా మూడు నాలుగేళ్లు మీ ముగ్గురిలో ఎవరికీ చేతికి ఏమీ రాదు. తమ్ముడికి ఇది చెప్పండి. అన్న లక్షలు మింగేస్తున్నాడని ఆయన హైదరాబాద్‌లో కూర్చుని అనుకుంటున్నాడు. అన్నేమో నేను చాకిరీ చేస్తుంటే వీళ్లు ఫోన్లో పాలు అడుగుతున్నారని ఊళ్లో కూర్చుని అనుకుంటున్నాడు. ఇద్దరి మధ్యా ఒక్క నోటుబుక్కు లేదు.

అన్న లెక్క దాస్తున్నది ఎందుకు అన్నదాని గురించి నాకో అనుమానం ఉంది, తప్పైతే కొట్టేయండి. నాయిన తోటను సమానంగా పంచారు, న్యాయంగానే పంచారు, కానీ మొక్క పెట్టిన రోజు నుంచి ఈ పన్నెండేళ్లు దాన్ని సాకినదానికి ఆ వీలునామాలో ఒక్క ముక్క లేదు. లెక్క బయటపెడితే, "వచ్చింది ఇంత, ఖర్చు ఇంత, మిగిలింది మూడు భాగాలు" అని మీరిద్దరూ గీత గీస్తారని, తన కష్టం సున్నా అయిపోతుందని ఆయన భయం. దానికి ఆయన చూసుకున్న దారి లెక్కే చెప్పకపోవడం. అది తప్పు దారి, అందులో అనుమానం లేదు. కానీ మీరు మొదటి మాటే "అన్నా, నీ కష్టానికి, వదిన కష్టానికి ఏడాదికి ఎంత వేద్దామో ముందు నువ్వే చెప్పు, తర్వాతనే మిగిలిన లెక్క" అని మొదలుపెడితే, మిగతా పేజీ ఆయనే నింపే అవకాశం ఎక్కువ. ఎంత వేయాలో తెలియకపోతే చుట్టుపక్కల తోటలు చూసేవాళ్లకు ఎంతిస్తున్నారో ముగ్గురు నలుగురు రైతులను అడగండి. దీనికి తమ్ముడి ఒప్పుదల రాతలో తీసుకోండి, ఎందుకంటే వీలునామాలో లేని ఖర్చు ఇది.

అయిపోయిన రెండు కాపులకు బిల్లులు దొరకవు. వ్యాపారి చీటీ ఉంటే సరే, లేకపోతే అన్న నోటితో చెప్పిన అంచనా తీసుకుని దాని కింద ముగ్గురూ సంతకం పెట్టి ఆ అధ్యాయం మూసేయండి. అక్కడ ఐదు పది వేలు తేడా వచ్చినా పట్టుకోకండి. ముందున్న కాపు నుంచి మాత్రం గట్టిగా ఉండండి. తోట పేరు మీద అన్న, మీరు కలిసి ఒక బ్యాంకు ఖాతా తెరవండి, వ్యాపారి ఇచ్చే ప్రతి రూపాయి అందులోకే, అప్పు కట్టేది, అమ్మ ఖర్చు అందులోంచే. గుత్త మాట్లాడేటప్పుడు రేటు, టన్నుకు తరుగు కింద తీసే సూటు ఎంత, అడ్వాన్స్ ఎంత అన్నది ముగ్గురి వాట్సాప్‌లో పెట్టి, ఒక రోజు ఆగి, తర్వాత బయానా తీసుకోవాలి.

తోటను ఇక ముందు ఎట్లా నడపాలి అన్నదానికి మీ ముందు దారులు కొన్ని ఉన్నాయి. ఒకటి, అన్నకే తోట ఏడాదికి ఇంత అని గుత్తగా ఇచ్చేయడం. మంచి కాపొచ్చినా చెడ్డ కాపొచ్చినా ఆయన ఆ మొత్తం ఖాతాలో వేస్తాడు, లాభం నష్టం ఆయనది. మీకు లెక్కల గొడవ పూర్తిగా పోతుంది, ఆయనకు ఎవరూ వచ్చి అడిగే పని ఉండదు. నాకు మీ ఇంటికి ఇదే ఎక్కువ కుదురుతుందనిపిస్తోంది. ఇబ్బంది ఏమిటంటే బోరు ఎండిపోయిన ఏడాది, వడగళ్లు పడ్డ ఏడాది ఏం చేయాలో ముందే రాసుకోకపోతే అప్పుడు మళ్లీ పంచాయితీ. కొత్త బోరు వేయాల్సి వస్తే ఖర్చు ఎవరిదో కూడా అందులోనే రాయాలి. తెలంగాణలో కౌలుకు 1950 నాటి చట్టం షరతులున్నాయి కాబట్టి దీన్ని కౌలు కాగితంలా కాకుండా కుటుంబ ఒప్పందంగా లాయర్ చేత రాయించుకోండి.

రెండు, బయటి మనిషికి ఇవ్వడం. డబ్బు స్పష్టంగా వస్తుంది. కానీ రెండేళ్లకు తోట పట్టిన మనిషి చెట్టును పిండుకుంటాడు తప్ప సాకడు, పైగా నాయిన పెట్టిన తోటలో పరాయివాడు నిలబడితే అన్న అది జన్మలో మర్చిపోడు. మూడు, ఇప్పుడే రెండేసి ఎకరాలు గెట్లు పెట్టుకోవడం. వినడానికి శుభ్రంగా ఉంటుంది. ఉన్నవి రెండు బోర్లు, ఒక ట్రాన్స్‌ఫార్మర్, లోపలికి ఒకటే బాట. రోడ్డు పక్క రెండెకరాలు ఎవరికి అన్న దగ్గరే మొదటి గొడవ మొదలవుతుంది, నీళ్ల వంతుల దగ్గర రెండోది. వీలునామాకూ విరుద్ధం.

నాలుగోది తమ్ముడు అంటున్నది, అమ్మేయడం. అమ్మ ఉండగా అమ్మకూడదని నాయిన రాశారు, ఎగ్జిక్యూటర్‌గా మీరు దానికి కట్టుబడాలి. అమ్మతో సహా నలుగురూ మనస్ఫూర్తిగా ఒప్పుకుని రిజిస్టర్ ఒప్పందం రాసుకుంటే దారి లేకపోలేదు గానీ, ఏడుస్తున్న అమ్మతో వేలిముద్ర వేయించుకుని చేసే ఒప్పుదల ఒప్పుదల కాదు. తమ్ముడికి డబ్బు అవసరం నిజంగా ఉందా, ఇంటి లోనా, పిల్లల చదువా, అన్నది ఒకసారి అడిగి తెలుసుకోండి. అవసరమే అయితే, అమ్మ తర్వాత తనకు రాబోయే రెండెకరాలకు అన్నో మీరో కొనుక్కునేట్టు, మూడో మనిషికి అమ్మే ముందు ఇంట్లోవాళ్లను అడిగేట్టు ఇప్పుడే రాసుకోవచ్చు. తోటకు పన్నెండేళ్లు అంటే ఇంకొన్నేళ్లే మంచి కాపు. చెట్లు ముదిరాక ఆ భూమి ఏం చేయాలి అన్న మాట ఎట్లాగూ వస్తుంది, ఇప్పుడే ముగ్గురూ మాట్లాడుకోవడం నయం.

ఇవేవీ అన్న వినకపోతే? ముందు మీ మాటలన్నీ ఒక ఉత్తరంగా రాసి స్పీడ్ పోస్టులో పంపండి, లాయర్ నోటీసు కాదు, చెల్లె చేతిరాతతో ఉత్తరం. తర్వాత మేనమామనో, ఊళ్లో నాయిన మాట విన్న పెద్దమనిషినో పెట్టి కూర్చోండి, కూర్చున్న రోజు తేలింది అక్కడే రాసుకోండి. అదీ కాకపోతే నల్లగొండ కోర్టు ఆవరణలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు, 15100కు ఫోన్ చేసినా దారి చెప్తారు. కేసు వేయకముందే వాళ్లు అన్నను పిలిపించి మాట్లాడిస్తారు. లోక్ అదాలత్‌లో రాజీ అయితే అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు, కాబట్టి సంతకం పెట్టే ముందు ప్రతి లైను చదవండి. వీలునామా మీద సాక్షి సంతకాలు పెట్టిన ఇద్దరూ ఉన్నారా, ఎక్కడున్నారో కూడా ఇప్పుడే తెలుసుకోండి. కోర్టులో వీలునామా రుజువు చేయాలంటే బతికున్న సాక్షి ఒకరైనా వచ్చి చెప్పాలి.

కోర్టు అన్నిటికంటే చివర. డబ్బు ఖర్చవుతుందని ఒక్కటే కాదు. తోట మీద స్టే వచ్చిందంటే ఎవరూ పెట్టుబడి పెట్టరు. కాలిన మోటారు కాలినట్టే ఉంటుంది, రెండు ఎండాకాలాలు నీళ్లు సరిగా అందకపోతే బత్తాయి చెట్టు పొయ్యిలోకే. మీరు గెలిచేసరికి గెలవడానికి తోట ఉండదు. తమ్ముడు నోటీసు మాట ఎత్తిన ప్రతిసారీ ఇది ఆయనకు చెప్పండి. కానీ అన్న పదకొండెకరాల దరఖాస్తు మీ మాట కాదని పెట్టేసినా, తోట తాకట్టు పెట్టడానికి, అమ్మడానికి చూసినా మాత్రం ఆగకండి. అక్కడ చెల్లె మొహమాటం పనికిరాదు, అప్పుడు ఆ పని ఆపమని కోర్టులో ఇంజంక్షన్ అడగడం ఎగ్జిక్యూటర్‌గా మీ పని.

వదిన అన్న మాట గురించి. పెళ్లిలో పసుపుకుంకుమల కింద ఇచ్చినదానికీ ఈ తోటకూ సంబంధం లేదు. ఇచ్చిందీ నాయినే, ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు 2019లో అన్నీ తెలిసి మీకు మూడో వంతు రాసిందీ నాయినే. మీరు వదులుకున్నట్టు రిజిస్టర్ కాగితం ఏదీ రాయలేదు కాబట్టి మీ హక్కు ఎక్కడికీ పోలేదు. అయినా ఆ మాటకు మీరు ఫోన్లో జవాబు చెప్పకపోవడం మంచిదైంది. అమ్మను రోజూ చూసేది వదిన. లెక్క రాసేటప్పుడు ఆమె కష్టం విలువ కూడా అందులో ఎక్కిందని ఆమె కళ్లతో చూస్తే, ఆ మాట మళ్లీ రాకపోవచ్చు. రావచ్చు కూడా. వచ్చినా దాన్ని మీ అన్న మాటగా తీసుకోకండి.

పుట్టిల్లు ఉంటుందా అన్న ప్రశ్నకు నేను హామీ ఇవ్వలేను. లెక్క అడిగితే కొన్నాళ్లు బిగుసుకుపోతారు, పండక్కి పిలుపు రాకపోవచ్చు. అడగకపోతే బంధం నిలుస్తుందనుకోవడం కూడా నిజం కాదు, చూడండి, ఇప్పటికే నెలల తరబడి అన్న మీతో మాట్లాడటం లేదు, మీరు ఒక్కసారే అడిగారు. అమ్మకు "గొడవ పెట్టను" అని మాట ఇవ్వకండి, నిలబెట్టుకోలేరు. "నాయిన రాసినట్టే చేయిస్తా, అన్నకు అన్యాయం కానియ్య" అని చెప్పండి, అది మీరు చేయగలరు. వీలైతే తమ్ముడిని, మీ ఆయనను తీసుకుపోకుండా ఒక్కరే ఊరికి పోండి. వీలునామా నకలు ఒకటి, కొత్త నోటుబుక్కు ఒకటి పట్టుకుపోండి, ముందు ఐదెకరాల పట్టా గురించి మాట్లాడండి, తర్వాత అన్న కష్టం గురించి, చివరికి తోట లెక్క. ఈ వరస తప్పించకండి. వచ్చే కాపుకు వ్యాపారి బయానా పట్టుకుని రాకముందే ఈ కూర్చోవడం అయిపోవాలి, డబ్బు చేతులు మారాక అదే మాట మూడింతలు కష్టమవుతుంది. పోయివచ్చాక ఏమైందో రాయండి. అన్న ఏం రాసిచ్చినా సంతకం పెట్టే ముందు దాని నకలు మాత్రం ఇంటికి తెచ్చుకుని లాయర్‌తో ఒకసారి చదివించుకోండి.